గుండెకు పోగుల అతుకు

గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో ఒకటి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. రక్తం ఆగిన చోట కండర కణాలు అరగంట లోపే చనిపోవడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ బతికించుకోగలిగిన భాగం తగ్గిపోతూ ఉంటుంది. స్టెంటు వేసే విషయంలో వైద్యులు నిమిషాలు లెక్కపెట్టేది ఇందుకే. గుండెలో రక్తాన్ని ఒంటికి తోసే గది ఎడమ జఠరిక. మనిషి ఎడమ జఠరికలో 200 కోట్ల నుంచి 400 కోట్ల దాకా కండర కణాలుంటాయని అంచనా. పెద్ద గుండెపోటులో వాటిలో నాలుగో వంతు, అంటే వంద కోట్ల వరకు, కొద్ది గంటల్లోనే పోవచ్చు.

పోయినవి మళ్లీ రావు. చర్మం తెగితే పూడుకుంటుంది, కాలేయంలో కొంత కోసేసినా తిరిగి పెరుగుతుంది. గుండె కండరానికి ఆ శక్తి లేదనే చెప్పాలి. ఎంత లేదో కొలిచిన తీరు చిత్రమైనది. 1950, 60లలో ఆరుబయట జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్ అమాంతం పెరిగి, పరీక్షలు ఆగాక క్రమంగా తగ్గింది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఉన్న కార్బన్ పాలు దాని డీఎన్ఏలో ముద్రలా నిలిచిపోతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు దీని ఆధారంగా మనిషి గుండె కణాల వయసు లెక్కగట్టి 2009లో ఫలితాలు ప్రకటించారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కండర కణం కొత్తగా పుడుతుంది. డెబ్బై అయిదేళ్లకు అది అర శాతం కన్నా తగ్గిపోతుంది. వంద కోట్ల కణాల లోటును ఈ వేగంతో పూడ్చడం కుదిరే పని కాదు.

అందువల్ల శరీరం తనకు తెలిసిన మరమ్మతు చేస్తుంది. చచ్చిన కండరాన్ని తెల్ల రక్తకణాలు తొలగిస్తాయి. ఆ ఖాళీని ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కొల్లాజెన్ నింపి మచ్చ కడుతుంది. మచ్చ లేకపోతే గుండె గోడ చిరిగి ప్రాణం పోతుంది కాబట్టి అది అవసరమే. కానీ మచ్చ ముడుచుకోదు, విద్యుత్ సంకేతాన్ని ముందుకు పంపదు. అంతటితో అయిపోదు. పలచబడిన ఆ భాగం లోపలి రక్తపు ఒత్తిడికి సాగుతుంది. గది వ్యాసం పెరిగి గోడ మందం తగ్గితే, అదే రక్తపోటుకు గోడ మీద పడే లాగుడు మరింత ఎక్కువవుతుంది. గుండె ఉబ్బేకొద్దీ ఆరోగ్యంగా మిగిలిన కండరం మీదా భారం పెరుగుతుంది, దాంతో అదీ ఉబ్బుతుంది. నెలలు, ఏళ్లు ఇలా గడిచి చివరికి గుండె వైఫల్యం దాకా వెళుతుంది. స్టెంటు, బైపాస్, మందులు ఈ జారుడును ఆపడానికో, నెమ్మది చేయడానికో పనికొస్తాయి. చచ్చిన కండరం స్థానంలో కొత్త కండరాన్ని పెట్టే చికిత్స గుండె మార్పిడి ఒక్కటే. దానికి చాలినంతమంది దాతలు దొరకరు.

ఈ ఖాళీలోకి వచ్చిన ఆలోచనే జీవ పదార్థాలతో చేసిన ఆధార చట్రం. మెత్తని పదార్థంతో ఒక అతుకు తయారుచేసి, అవసరమైతే దానిలో గుండె కణాలు నింపి, మచ్చ మీద కుట్టడం ఈ పద్ధతి. పాతికేళ్లుగా ప్రయోగశాలలు దీని మీద పనిచేస్తున్నాయి. తొలి రోజుల్లో అందరి దృష్టీ కణాల మీదే ఉండేది. సరైన కణాలు దొరికితే చాలు, మిగతాది అవే చూసుకుంటాయనుకున్నారు. అలా జరగలేదు. కణాలు ఎన్ని పోశామన్నది ఎంత ముఖ్యమో, అవి ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్నదీ అంతే ముఖ్యమని, ఆ దిక్కును నిర్ణయించేది పోగులని తేలడమే ఈ రంగంలో అసలు మలుపు.

గోడలో దాగిన ఏటవాలు

గుండె కండర కణం పొడవు సుమారు వంద మైక్రోమీటర్లు, వెడల్పు అందులో అయిదో వంతు. ఒక కణం కొస మరో కణం కొసకు అతుక్కుని బారులు తీరి ఉంటాయి. ముడుచుకునే బలమంతా ఆ బారు వెంటే పుడుతుంది. విద్యుత్ సంకేతం కూడా అడ్డంగా కంటే బారు వెంట రెండు మూడు రెట్లు వేగంగా పోతుంది. కణాల చుట్టూ, బారుల చుట్టూ కొల్లాజెన్ పోగులు అల్లుకుని ఉంటాయి. ఇవి విశ్రాంతిలో వంకరటింకరగా ఉంటాయి. గుండె రక్తంతో నిండేటప్పుడు ముందు ఆ వంకరలు విప్పుకుంటాయి గనుక గోడ సులువుగా సాగుతుంది. వంకరలన్నీ పోయి పోగు నిటారుగా నిలిచాక గోడ గట్టిపడి, ఇంకా సాగకుండా ఆపుతుంది. మొదట మెత్తదనం, ఆ తర్వాత బిగువు. ఈ రెండూ ఒకే పదార్థంలో రావాలంటే దానిలో పోగులు ఉండక తప్పదు.

ఎడమ జఠరిక గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరు లోతులో పోగుల దిక్కు మారుతూ వస్తుంది. లోపలి అంచున ఒక వైపుకు దాదాపు 60 డిగ్రీలు ఏటవాలుగా మొదలై, నడి మందంలో గది చుట్టూ అడ్డంగా తిరిగి, బయటి అంచుకు చేరేసరికి రెండో వైపుకు 60 డిగ్రీలు వాలుతుంది. కుక్కల గుండెలను పొరలు పొరలుగా కోసి డేనియల్ స్ట్రీటర్ బృందం 1969లో ఈ కోణాలను కొలిచి చూపింది. ఈ ఏటవాలు వల్లనే గుండె ముడుచుకున్నప్పుడు గోడలు దగ్గరకు రావడంతో పాటు కింది కొన పైకి లేస్తుంది, గది మెలి తిరుగుతుంది.

దీని ప్రయోజనం ఏమిటో అదే ఏడాది ఎడ్వర్డ్ సాలిన్ అనే పరిశోధకుడు లెక్క వేశాడు. ఒక కండర కణం ముడుచుకుంటే దాని పొడవు తగ్గేది 15 శాతం చుట్టుపక్కల. అయితే ఆరోగ్యవంతుడి గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎడమ జఠరికలోని రక్తంలో 60 శాతం దాకా బయటికి తోస్తుంది. టూడీ ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని రాసి ఉండే అంకె ఇదే. ఇంత కొంచెం ముడుచుకునే కణాలతో అంత రక్తం ఎలా బయటికి పోతుంది? పోగులు గది చుట్టూ అడ్డంగా మాత్రమే తిరిగి ఉంటే ఆ అంకె రాదని, ఏటవాలు మెలిక ఉంటేనే వస్తుందని సాలిన్ గణితం చెప్పింది. దాన్ని ప్రయోగంతో రుజువు చేయడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. మెలికను మార్చి చూడటానికి నిజమైన గుండె ఒప్పుకోదు. కోరిన మెలికతో కృత్రిమ గుండె గది చేయగలిగే పనిముట్టు అప్పటికి లేదు.

జెల్ ఒక్కటే చాలదు, వల ఒక్కటే చాలదు

కణాలు పెరగడానికి అన్నిటికన్నా అనువైనది నీరు నిండిన జెల్. కొల్లాజెన్, జెలటిన్, ఫైబ్రిన్, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ఇలాంటివి. వాటిలో ఆక్సిజన్, పోషకాలు పారతాయి, కణం కదలగలదు. కానీ జెల్‌కు బలం లేదు. దానిలో సూది గుచ్చి దారం లాగితే చీలిపోతుంది. రోజుకు లక్ష సార్లు సాగి ముడుచుకునే గోడ మీద అలాంటి అతుకు నిలవదు. పైగా కలిపిన కణాలు దానిలో తలో దిక్కూ చూస్తాయి. ఒకదాని లాగుడును మరొకటి రద్దు చేస్తుంది.

దీనికి ఎదురు కొసన పాలిస్టర్ వల ఉంది. గుండె ఉబ్బకుండా చుట్టూ వల తొడగాలన్న ఆలోచనతో కార్‌క్యాప్ అనే పరికరం వచ్చింది. మనుషుల మీద పరీక్షల్లో గుండె పరిమాణం తగ్గించిందన్న ఆధారాలు కనిపించినా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి దక్కలేదు. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకు దశాబ్దాలుగా డాక్రాన్, గోర్‌టెక్స్ గుడ్డలతోనూ, ఆవు గుండె పైపొరతోనూ అతుకులు వేస్తున్నారు. ప్రాణాలు కాపాడుతున్న పద్ధతే ఇది, కానీ ఆ అతుకు జీవం లేనిది. బిడ్డతో పాటు పెరగదు, ముడుచుకోదు, కొన్నాళ్లకు సున్నం పేరుకుని గట్టిపడవచ్చు.

అందుకే జెల్‌నూ పోగులనూ కలిపారు. ఈ కలయిక బలం ఊహకు మించి ఉంటుందని 2015లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పరిశోధకులు చూపారు. జెలటిన్ నుంచి చేసిన జెల్‌లో పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్‌తో అచ్చువేసిన సన్నని పోగుల గడిని ఉంచారు. మొత్తం ఘనపరిమాణంలో పోగులు ఆక్రమించింది నూటికి రెండు నుంచి ఏడు వంతులే. అయినా జెల్ గట్టిదనం 54 రెట్ల వరకు పెరిగింది. విడిగా జెల్‌కు గానీ, విడిగా పోగుల గడికి గానీ ఆ గట్టిదనంలో చెప్పుకోదగ్గ భాగం కూడా లేదు. జెల్‌ను నొక్కితే అది పక్కలకు ఉబ్బాలని చూస్తుంది. ఉబ్బితే పోగులు బిగుసుకుంటాయి, బిగుసుకున్న పోగులు జెల్‌ను పక్కకు పోనివ్వవు. ఆ ప్రయోగం మోకాలి మృదులాస్థి కోసం జరిగింది. గుండెకు పనిచేసే వాళ్లు అదే సూత్రాన్ని అందుకున్నారు.

కాకపోతే గుండెకు కావలసింది గట్టిదనం ఒక్కటే కాదు. ఒక దిక్కున సాగాలి, మరో దిక్కున బిగువుగా ఉండాలి. అమెరికాలో రాబర్ట్ లాంగర్, లీసా ఫ్రీడ్‌ల బృందం 2008లో ఇందుకొక తోవ చూపింది. పీజీఎస్ అనే రబ్బరు లాంటి, శరీరంలో కరిగిపోయే పదార్థపు పలుచని పొరలో మడతలు పడిన తేనెపట్టు ఆకారపు గళ్లను లేజర్‌తో కోశారు. ఆ పొర ఒక వైపు సులువుగా, రెండో వైపు కష్టంగా సాగింది. ఎలుక కుడి జఠరిక సాగే తీరుకు అది చాలా దగ్గరగా వచ్చింది. దాని మీద వేసిన గుండె కణాలు బయటి నుంచి ఏ ప్రేరణా లేకుండానే గళ్ల వాలు వెంట వరుసకట్టాయి.

కణాలు ఇలా పోగు వెంట సాగడం కొత్త సంగతేమీ కాదు. అమెరికన్ జీవశాస్త్రవేత్త రాస్ హారిసన్ వందేళ్ల కిందటే సాలీడు దారాల మీద పిండ కణాలను పెంచి, అవి దారం వెంబడి పాకడం గమనించాడు. గుండె అతుకులో పోగు చేసే పనుల్లో ఇది రెండోది. మొదటిది బరువు మోయడం. మూడోది, పరిశోధనా పత్రాలు ఎక్కువగా పట్టించుకోకపోయినా సర్జన్‌కు అన్నిటికన్నా ముఖ్యమైనది, కుట్టు నిలవనివ్వడం.

పోగు తీసే మూడు పద్ధతులు

శరీరంలోని కొల్లాజెన్ పోగు మందం ఒక మైక్రోమీటరు అటూ ఇటూ. వెంట్రుక కన్నా యాభై రెట్లు సన్నం. అంత సన్నని పోగు తీయడానికి అన్నిటికన్నా ఎక్కువగా వాడుతున్నది ఎలక్ట్రోస్పిన్నింగ్. పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో నింపి, సూదికి పది వేల నుంచి ముప్పై వేల వోల్టుల విద్యుత్ ఇస్తారు. సూది కొసన వేలాడే బొట్టు శంకువులా సాగి, దాని మొన నుంచి సన్నని ధార దూకుతుంది. గాలిలో గింగిరాలు తిరుగుతూ ద్రావకం ఆరిపోయి, ఎదురుగా ఉన్న పళ్లెం మీద పోగుగా పడుతుంది. ఆ శంకువు గణితాన్ని 1964లో వివరించిన ఆంగ్ల శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ పేరే దానికి నిలిచింది. పద్ధతికి మాత్రం 1902లోనే పేటెంటు ఉంది. పళ్లెం బదులు వేగంగా తిరిగే డ్రమ్ము పెడితే పోగులన్నీ ఒకే దిక్కుగా చుట్టుకుంటాయి.

ఈ పద్ధతిని జీవ పదార్థాల రంగంలోకి విస్తృతంగా తెచ్చినవారిలో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సీరం రామకృష్ణ ఒకరు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. గుండె అతుకులకు పనికొచ్చే నానో పోగుల మీద ఆయన బృందం చేసిన పని ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఎలక్ట్రోస్పిన్నింగ్‌కు ఉన్న లోపం ఏమిటంటే, పోగులు మరీ ఒత్తుగా పడి చాప కడతాయి. సందులు చాలక కణాలు లోపలికి చొరబడలేవు, పైనే ఉండిపోతాయి.

రెండోది మెల్ట్ ఎలక్ట్రోరైటింగ్. దీనిలో ద్రావకం ఉండదు. పాలిమర్‌ను కరిగించి, తక్కువ దూరం నుంచి విద్యుత్ సాయంతో సన్నని ధారగా లాగుతూ, కదిలే బల్ల మీద గీత గీసినట్టు పేరుస్తారు. పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి దీనికి బాగా ఒదుగుతుంది. పోగు ఎక్కడ పడాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నలుచదరపు గళ్లు, షడ్భుజాలు, అలలు, లాగితే వెడల్పయ్యే వింత ఆకారాలు అన్నీ గీయవచ్చు. కావలసినంత సందు వదలవచ్చు. అయితే ఇది చాలా నెమ్మది.

మూడోది హార్వర్డ్‌లో కిట్ పార్కర్ ప్రయోగశాల పెంచి పోషించిన పద్ధతి. తిరునాళ్లలో పీచు మిఠాయి తీసే యంత్రం పనిచేసేదీ ఇదే సూత్రం మీద. చిల్లులున్న గిన్నెలో ద్రావణం పోసి నిమిషానికి వేల చుట్లు తిప్పితే, చిల్లుల్లోంచి ధారలు దూసుకొచ్చి గాలిలోనే పోగులవుతాయి. విద్యుత్ అక్కర్లేదు. 2022లో ఆ బృందం దీనికి ఒక గాలి ధారను జోడించింది. చెదిరిపోయే పోగులను ఆ గాలి ఒక్క పాయగా కూర్చి అచ్చు మీదికి తోలుతుంది. అచ్చును వాల్చి తిప్పితే పోగులూ ఆ వాలులోనే పడతాయి.

సాలిన్ లెక్కకు పరీక్ష పెట్టే అవకాశం అప్పుడు వచ్చింది. ఒకే కొలతతో రెండు రకాల ఎడమ జఠరిక నమూనాలు చేశారు. ఒక దానిలో పోగులు అడ్డంగా, రెండో దానిలో ఏటవాలు మెలికగా. రెంటి మీదా ఎలుక గుండె కణాలు గానీ, మూలకణాల నుంచి పెంచిన మనిషి గుండె కణాలు గానీ వేశారు. సుమారు వారానికి పలుచని కండర పొరలు పట్టి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మెలిక ఉన్న గది కొన పైకి లేచింది, సంకేతం త్వరగా వ్యాపించింది, అడ్డపోగుల గది కంటే ఎక్కువ ద్రవాన్ని బయటికి తోసింది. సైన్స్ పత్రికలో వచ్చిన ఈ ఫలితంతో 1969 నాటి గణితానికి ప్రయోగ సాక్ష్యం దొరికింది. మనిషి గుండెలోని కొల్లాజెన్ పోగులన్నిటినీ ఒక మైక్రోమీటరు సన్నదనంతో మామూలు త్రీడీ ప్రింటర్ మీద అచ్చువేయాలంటే వందేళ్లకు పైగా పడుతుందని, తమ పద్ధతిలో అది ఒక రోజు పని అని ఆ బృందం లెక్క చెప్పింది. మనిషి గుండెంత చట్రాన్ని అల్లి చూపారు కూడా. దానిలో కణాలు మాత్రం వేయలేదు, అందుకు వందల కోట్ల కణాలు కావాలి.

మరుసటి ఏడాది అదే ప్రయోగశాలలో సుజీ చోయ్ బృందం పోగులనూ ముద్రణనూ కలిపింది. జెలటిన్ పోగులను తీసి, తుంచి, జెల్‌లో కలిపి ఒక సిరా చేశారు. ప్రింటర్ ముక్కులోంచి సిరా పారేటప్పుడు పోగులు ప్రవాహం దిక్కుకు సర్దుకుంటాయి. దాంతో పోగులను వేరే పేర్చే పని తప్పింది. ముద్రించిన గీత ఏ దిక్కుకు ఉంటే కణాలు ఆ దిక్కుకు వరుసకడతాయి. ఇలా ముద్రించిన జఠరిక అంతకు ముందు ముద్రించిన గుండె నమూనాల కంటే అయిదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువ ద్రవాన్ని తోసింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ప్రయోగశాలలో గుండె తయారైందని శీర్షికలు వెలువడతాయి. 2019లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ బృందం కుందేలు గుండెంత నమూనాను రక్తనాళాలతో సహా ముద్రించినప్పుడూ అంతే. దాని కణాలు విడివిడిగా ముడుచుకోగలవు గానీ, కలిసికట్టుగా రక్తాన్ని తోయలేవని ఆ పరిశోధకులే చెప్పారు. ఆ మాట శీర్షికలకు ఎక్కలేదు.

దేనితో నేయాలి

పోగు దేనితో చేయాలన్నది అది ఎన్నాళ్లు ఉండాలన్న దాన్ని బట్టి తేలుతుంది. కొత్త కణజాలం తన సొంత కొల్లాజెన్ అల్లుకునే దాకా పోగు బలం ఇవ్వాలి, ఆ తర్వాత కరిగిపోవాలి. పీఎల్‌జీఏ అనే పాలిమర్ వారాల నుంచి నెలల్లో కరుగుతుంది. కరిగేటప్పుడు ఆమ్లాలు విడుదలవుతాయి కనుక చుట్టూ వాపు రావచ్చు. పాలీకాప్రోలాక్టోన్ రెండు మూడేళ్లు ఉంటుంది, బలమైనదే గానీ గుండెకు కాస్త బిరుసు. పీజీఎస్ మెత్తగా సాగుతుంది గానీ పోగుగా తీయడం కష్టం, అందుకని మరో పాలిమర్‌తో కలిపి తీస్తారు. కొల్లాజెన్, జెలటిన్ పోగులు కణాలకు ఎంతో ఇష్టం, బలం మాత్రం తక్కువ.

పట్టుకు ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. కుట్టుదారంగా పట్టును సర్జన్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు. గుండె కణాల విషయంలో మల్బరీ పట్టు కంటే అడవి పట్టు మేలని ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎస్.సి. కుందూ బృందం, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 2012లో చూపింది. వాళ్లు వాడినది తెలంగాణలో చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు జాతి పురుగే. కణాలు తమ చుట్టూ ఉన్న ప్రోటీన్లలో మూడు అమైనో ఆమ్లాల ఒక చిన్న వరుసను గుర్తుపట్టి పట్టుకుంటాయి. ఆ వరుస దసలి పట్టు ప్రోటీన్‌లో సహజంగానే ఉంది, మల్బరీ పట్టులో లేదు. ఎలుక పిల్లల గుండె కణాలు దసలి పట్టు ప్రోటీన్ మీద చక్కగా అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి కొట్టుకున్నాయి.

విద్యుత్ సంగతి మిగిలింది. పాలిమర్లు విద్యుత్‌ను పోనివ్వవు కనుక అతుకులో ఒక మూల కణాలు కొట్టుకునే లయ మరో మూలకు అందదు. 2011లో లాంగర్, డేనియల్ కోహేన్, తాల్ ద్విర్‌ల బృందం ఆల్జినేట్‌లో బంగారు నానో తీగలు చల్లి చూసింది. కణాలన్నీ కలిసి కొట్టుకోవడం మెరుగుపడింది. పాలీపైరోల్ లాంటి విద్యుత్ వాహక పాలిమర్లను పోగులకు పూయడం, కార్బన్ నానో గొట్టాలు కలపడం కూడా జరుగుతున్నాయి. శరీరంలో కరగని ఈ పదార్థాలు చివరికి ఎక్కడికి చేరతాయన్న ప్రశ్నకు జవాబు రావలసి ఉంది.

కణాలు పెట్టాలా వద్దా

2007లో షిన్యా యమనకా మనిషి చర్మ కణాలను మూలకణాలుగా మార్చి చూపాక గుండె కణాలకు కొరత తీరింది. కోట్ల సంఖ్యలో పెంచవచ్చు. కానీ అవి పసి కణాలు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి, తమంతట తామే కొట్టుకుంటాయి. ఆ సొంత లయే ప్రమాదం. కోతుల గుండెల్లోకి ఇలాంటి కణాలను ఎక్కించిన ప్రయోగాల్లో కొన్నాళ్ల పాటు లయ తప్పడం కనిపించింది. పోగుల వెంట, లాగుడుకు లోబడి పెరిగిన కణాలు పొడుగ్గా సాగి పెద్దవాళ్ల కణాలను పోలుతాయి. పోగుల చట్రం చేసే మేలులో ఇది తక్కువదేమీ కాదు.

ఇంతకన్నా పెద్ద అడ్డంకి రక్తం. ఆక్సిజన్ కణజాలంలో వందా రెండు వందల మైక్రోమీటర్లకు మించి తనంతట పాకలేదు. నిజమైన గుండెలో ప్రతి కణం పక్కనే ఓ సూక్ష్మ రక్తనాళం ఉంటుంది. సెంటీమీటరు మందం అతుకు వేస్తే నాళాలు చొరబడే లోపే నడిమి కణాలు చచ్చిపోతాయి. అందుకే నేటి సజీవ అతుకులన్నీ పలుచనివి.

మనుషుల దాకా వచ్చినవి కొద్దే. జపాన్‌లో రోగి తొడ కండర కణాలతో చేసిన హార్ట్‌షీట్‌కు 2015లో షరతులతో అనుమతి దొరికింది. పనిచేస్తుందన్న రుజువు చాలక 2024లో అది మార్కెట్ నుంచి తప్పుకుంది. ఒసాకా విశ్వవిద్యాలయ వైద్యులు 2020 జనవరిలో యమనకా పద్ధతి మూలకణాల నుంచి పెంచిన గుండె కణాల పొరలను తొలిసారి రోగికి అమర్చారు. జర్మనీలోని గాటింగెన్‌లో వోల్ఫ్రమ్ హ్యుబర్టస్ జిమ్మర్‌మన్ బృందం మరో అడుగు వేసింది. కొల్లాజెన్‌లో గుండె కణాలను పెంచి, ముడుచుకునే కండరంగా మార్చి, వాటిని కలిపి అతుకు చేసింది. ముందు కోతుల మీద పరీక్షించి, తర్వాత తీవ్రమైన గుండె వైఫల్యంతో ఉన్న 46 ఏళ్ల మహిళకు దాదాపు 40 కోట్ల కణాలున్న అతుకును కుట్టారు. మూడు నెలల తర్వాత ఆమెకు దాత గుండె దొరికి మార్పిడి జరిగింది. తీసేసిన పాత గుండెను పరిశీలిస్తే అతుకులోని కణాలు బతికే ఉన్నాయి, వాటికి రక్తనాళాలు పట్టాయి. 2025 జనవరిలో నేచర్ పత్రిక ఈ వివరాలు ప్రచురించింది. కణాలు వేరొకరివి కనుక రోగ నిరోధకతను అణిచే మందులు వాడక తప్పలేదు.

కణాలే లేకుండా పోగుల దిక్కుతోనే మేలు చేయవచ్చన్న వాదం కూడా ఉంది. అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హోమ్స్ బృందం గుండెపోటు తెప్పించిన కుక్కల్లో, దెబ్బతిన్న భాగం మీద డాక్రాన్ గుడ్డను నిలువు దిక్కున బిగువుగా, అడ్డంగా మాత్రం సాగేలా కుట్టింది. 2012లో ప్రచురించిన ఆ ఫలితాల్లో గుండె రక్తం తోసే శక్తి మెరుగుపడింది. ఏ కణమూ లేదు, ఏ మందూ లేదు, మామూలు గుడ్డ. దిక్కు సరిగ్గా ఉండటమే అక్కడి మందు. ఇందుకు భిన్నంగా, పోగులు లేని ఆల్జినేట్ జెల్‌ను ధమని ద్వారా గుండెలోకి ఎక్కించిన పరీక్షలో, 300 మందికి పైగా రోగులను గమనించినా, చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు.

ఈ రెండు తోవలనూ కలిపే ప్రయత్నాల్లో తాజాది స్విట్జర్లాండ్‌ది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ ఇంజినీర్లు, గుండె సర్జన్లు కలిసి 2025లో మూడు భాగాల అతుకును ప్రకటించారు. రక్తం కారకుండా ఆపే సన్నని వల ఒకటి, ఆకారం నిలిపే త్రీడీ చట్రం రెండోది, కండర కణాలతో నిండిన జెల్ మూడోది. మచ్చ పైన అంటించడం కాకుండా, గోడలోని లోపాన్నే దీనితో పూడ్చాలన్నది ఉద్దేశం. పంది ఎడమ జఠరికలో చేసిన రంధ్రాన్ని ఇది మూసి, లోపలి ఒత్తిడికి తట్టుకుని రక్తస్రావం లేకుండా నిలిచింది. దీర్ఘకాలం ఎలా ఉంటుందో చూసే జంతు పరీక్షలు దీని తర్వాతి మెట్టు.

భారతదేశంలో ఈ అతుకులేవీ ఆస్పత్రుల్లో మామూలు చికిత్సగా లేవు. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మరే మూలకణ ప్రయోగమైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. కాబట్టి గుండెకు మూలకణ చికిత్స చేస్తామంటూ ఎవరైనా ప్యాకేజీ ధర చెబితే, ట్రయల్ నమోదు సంఖ్య చూపించమని అడగాలి. అది లేకపోతే అక్కడికి వెళ్లకూడదు.